గేటు లైను జనాభా: ఇరవై రెండున్నర

జురాంగ్ ఈస్ట్‌లో మా కనకం ఉండే బ్లాకులో, తొమ్మిదో అంతస్తున లిఫ్టు తలుపు తెరుచుకోగానే, ఒక ఇంట్లో వేగుతున్న రొయ్యల ముద్ద ఘాటునీ, పక్కింట్లో వెలిగించిన సాంబ్రాణి పొగనీ, ఆ పై ఇంటివాళ్ళు నడవాలో ఆరేసిన బట్టల సబ్బు వాసననీ తోసుకుంటూ వచ్చి నా ముక్కు పట్టుకునేది తారు వాసన. అది కనకం గుమ్మం పక్కనున్న చెక్కది. మూడడుగుల పొడుగు, జానెడు మందం, మేకులు పీకిన చోట తుప్పు మరకలు, ఎండ కాసిన రోజున ఇప్పటికీ నల్లగా చెమర్చే ఒళ్ళు. ఒకప్పుడు రైలు పట్టాల కింద పడుకున్న స్లీపరు ముక్క అది. ఇప్పుడు దాని మీద కనకం, కనకం కూతురు, అల్లుడు, మనవరాలు చెప్పులు వరసగా పెట్టుకుంటారు. స్లీపరు మీద స్లిప్పర్లు పెట్టుకునే ఇల్లు ఈ దీవి మొత్తానికి ఇదొక్కటే అయ్యుంటుందని నవ్వుకుంటూ లోపలికి పోవడం నాకు అలవాటు. నవ్వు పైకి మాత్రమే. లోపల, ఆ చెక్క నాకెందుకు రాలేదన్న కుళ్ళు తారుకన్నా చిక్కగా ఉంటుంది.

కిందటి ఆదివారం పైకి కూడా నవ్వలేదు. పోట్లాడటానికే వెళ్ళాను.

కారణం ఒక బోర్డు. డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు. మా ఆవిడ కూడా ఎక్కడికైనా నడవమంది. ఇద్దరి ఉద్దేశాలూ వేరైనా మాట ఒకటే కాబట్టి, సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాటు చుట్టూ తిరిగే బుల్లి రైలులాగా అక్కడక్కడే చక్కర్లు కొట్టడం విసుగెత్తి, ఆ పొద్దున్న పాత రైలు దారికి వెళ్ళాను. పట్టాలు పీకేసి దాన్నిప్పుడు నడక బాట చేశారు. క్రాంజీ వైపు వెళ్ళే రోడ్డు ఆ బాటని దాటే చోట కొత్తగా ఓ బోర్డు నిలబడి ఉంది. చరిత్ర మీద ప్రేమ ఉన్న కొందరు కుర్రవాళ్ళు పెట్టించారట. ఇక్కడ ఒకప్పుడు రైలు పనివాళ్ళ ఇళ్ళు ఆరు ఉండేవని, పదహారు మంది పెద్దలూ ఆరుగురు పిల్లలూ కలిపి మొత్తం జనాభా ఇరవై రెండని, ఈ వివరాలు చెప్పింది ఇక్కడే పుట్టి పెరిగిన శ్రీమతి కనకమాలక్ష్మి అని, పక్కన ఆవిడ ఫోటో. చీర బాగుంది. నవ్వు ఇంకా బాగుంది. కానీ పిల్లలం ఏడుగురం. ఆ ఏడుగురిలో ఎవరిని తీసేస్తే ఆరుగురు అవుతారో నేను వేళ్ళు మడవకుండానే చెప్పగలను.

నా పేరు సన్యాసిరావు. ఒక భార్య, ఇద్దరు పిల్లలు, మూడు పడగ్గదులు ఉన్న సన్యాసిని. రాగద్వేషాలు వదిలేయాల్సిన పేరు పెట్టుకుని కూడా, అసూయ అనే ఒక్క బరువూ చిన్నప్పటి నుంచి దించకుండా మోస్తున్నాను. అది మొదలైంది ఆ ఆరిళ్ళ దగ్గరే.

దానికి ఊరి పేరంటూ లేదు. టౌను కాదు, పల్లె కాదు, మ్యాపులో చుక్క కూడా కాదు. బస్సు ఆగేది కాదు, బతిమాలితే మలుపు దగ్గర నెమ్మదించేది. రెండు స్టేషన్ల మధ్య, రోడ్డు పట్టాలని దాటే చోట ఒక గేటు, గేటు పక్కన బారుగా ఒకే కప్పు కింద ఆరు ఇళ్ళు. అలాంటి వరస ఇళ్ళని మావాళ్ళు లైను అనేవారు కాబట్టి అది గేటు లైను. రైలు కంపెనీ మలేషియాది, కాబట్టి పట్టాల కింది నేల, ఇళ్ళ కింది నేల వాళ్ళది. గుమ్మం దిగి పది అడుగులు వేసి పొదల్లోకి వెళితే సింగపూరు. మా ఇంటి కోడి పొద్దున్న ఒక దేశంలో లేచి, ఇంకో దేశంలో పురుగులు ఏరుకుని, సాయంత్రానికి ఏ పాస్‌పోర్టూ లేకుండా తిరిగొచ్చేది. వీధిదీపం కావాలంటే ఈ దేశం వాళ్ళు ఆ దేశాన్ని అడగమనేవారు, కాలువ పూడిక తీయమంటే ఆ దేశం వాళ్ళు ఈ దేశాన్ని అడగమనేవారు. విజయనగరం పక్కనించి ఓడెక్కి వచ్చి ఆ పట్టాలకి కంకర మోసినవాడు మా ముత్తాత. ఆయన కొడుకు, అంటే మా అమ్మ నాన్న, ఆ గేటుకి కాపలాదారు. "మనకి పట్టాలున్నాయి గానీ పట్టా నేదురా" అనేవాడు తాత, ఆ నేల మనదని చెప్పే కాగితం లేదన్న అర్థంలో. చాలా ఏళ్ళకి నేను పాలిటెక్నిక్‌లో పట్టా పుచ్చుకుని కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, అటూ ఇటూ తిప్పి చూసి, "పట్టాలు రెండుంటేనే కదరా బండి నడిసీది, ఒక్క పట్టాతో ఏటి సేస్తావు?" అన్నాడు.

మా నాన్న ఓడల యార్డులో, మా అమ్మ రేడియో ముక్కలు అతికే ఫ్యాక్టరీలో, ఇద్దరూ షిఫ్టుల మీద పనిచేసేవారు. ఒకరు వచ్చేసరికి ఒకరు వెళ్ళే ఇంట్లో నాలుగేళ్ళ పిల్లవాడిని ఎవరు చూస్తారని నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. పదకొండేళ్ళు వచ్చేదాకా గేటు లైనులోనే ఉన్నాను, నెలకో ఆదివారం మాత్రం నాన్న వచ్చి ఫ్లాటుకి తీసుకుపోయేవాడు. లైనులో పుట్టలేదు, అంతే తేడా. ఆ తేడా ఎంతదో నాకు రోజూ చూపించడానికే అన్నట్టు, మా మేనమామ కూతురు కనకం అక్కడే పుట్టింది. నాకన్నా మూడు నెలలు పెద్ద. మావయ్య పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట మైళ్ళు నడిచి వదులైన మేకులు బిగించి వచ్చేవాడు. అలా వచ్చినప్పుడు జేబులోంచి కనకానికి ఒక జామకాయ తీసిచ్చేవాడు, నాకూ ఒకటి ఇచ్చేవాడు. రెండూ ఒకే చెట్టువి, ఒకే సైజువి. అయినా దానిదే తియ్యగా ఉంటుందని నాకు తెలుసు. కొరికి చూసి కూడా తెలుసు.

అక్కడ రుతువులు రెండే, వాన కురిసేదీ వాన కురవబోయేదీ. ఏడాది చివర్లో ఈశాన్యం నించి వాన దిగితే, రేకుల కప్పు మీద ఆ చప్పుడుకి పెద్దలు సైగలతో మాట్లాడుకునేవారు. పిల్లలందరికీ గోనెసంచి మూల లోపలికి మడిచి ముసుగులు వేసేది అమ్మమ్మ. ముసుగులేస్తే ఎవరు తెలుగో ఎవరు మలయో చెప్పలేని బుడిపెలుగా తిరిగేవాళ్ళం. ఉగాదికి గేటు దగ్గరి వేపచెట్టు పువ్వూ, మార్కెట్లో దొరికిన పచ్చిమామిడీ, చెరకు బెల్లానికి బదులు ఇక్కడి కొబ్బరిబెల్లమూ వేసి అమ్మమ్మ కలిపిన పచ్చడి, పక్కింటి మక్ చిక్ కళ్ళు మూసుకుని మందులా మింగి, తమ పండక్కి కొబ్బరాకు బుట్టల్లో ఉడికించిన అన్నం ముద్దలు పంపి పగ తీర్చుకునేది. మక్ చిక్ అంటే మలయ్‌లో పిన్నిగారు. ఆవిడ అసలు పేరు మాకెవరికీ తెలియలేదు, అడగాలని కూడా తోచలేదు. చవితికి ఉండ్రాళ్ళు, దీపావళికి చివరింటి తమిళుల మురుకులు. సోడా మూతలని పట్టాల మీద పెట్టి రైలు చేత బిళ్ళలు చేయించుకోవడం, పగిలిన పెంకులు పేర్చి ఏడు పెంకులాట ఆడటం. కనకం బంతి విసిరితే ఏడు పెంకులూ ఒక్క దెబ్బకి పడేవి. నేను విసిరితే కోడి ఎగిరేది.

ఇక లెక్క సంగతి. పట్టాలకి ఇళ్ళకి మధ్య ఎనిమిది అడుగులు కూడా లేవు. అందుకని తాత ఒక ఆచారం పెట్టాడు. రైలు వస్తోందని స్టేషను నించి ఫోను మోగగానే గేటు దించేవాడు, దించి ఒక కేక వేసేవాడు. ఎక్కడ ఏ ఆటలో ఉన్నా పిల్లలందరం పరుగెత్తుకొచ్చి, లైను ముందు బల్లలా వేసిన పాత స్లీపరు చెక్క మీద వరసగా కూర్చోవాలి. తాత చుట్టిన పచ్చజెండా కర్రతో ఒక్కొక్క తల మీద చిన్నగా తట్టుతూ లెక్కపెట్టేవాడు. లెక్క సరిపోతేనే జెండా విప్పేవాడు. మా తాతల నాడు కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనేవారు కదా, ఆ అలవాటు ఓడెక్కి ఈయనతో పాటు వచ్చేసింది. ధాన్యం రాలేదు, కళ్ళం రాలేదు, లెక్క వచ్చింది. కొలవడానికి మేమే ఉన్నాం. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు."

లాభం కనకం. రెండూ మూడూ మక్ చిక్ పిల్లలు యూసుఫ్, సల్మా. నాలుగూ అయిదూ ఆరూ తమిళుల ఇంటి అన్నదమ్ములు ముగ్గురు. లైనులో పుట్టినవాళ్ళంతా ముందు, బయట పుట్టినవాడు చివర. ఆ బయట పుట్టిన ఒకే ఒక్కడూ ఏడు. ఏడు అంటే అంకె మాత్రమేనని తాతకి తెలుసు. కానీ రోజుకి నాలుగుసార్లు నెత్తిమీద కొట్టి మరీ "ఏడు" అంటే ఏ పిల్లవాడికైనా ఏం తోస్తుంది? మొదట్లో నిజంగానే ఏడ్చాను. ఏడవమన్నాడు కదా అని. అది చూసి మిగిలిన ఆరుగురూ, వాళ్ళలో తెలుగు ముక్క రాని అయిదుగురు కూడా, రైలు వెళ్ళేదాకా "ఏడు, ఏడు" అని పాడేవారు. "ఏడంటే ఏడుపు కాదురా నానా, ఏడుకొండలు" అని అమ్మమ్మ సర్దిచెప్పేది. ఆ ఏడుకొండల మీద నేను గుండులా కూర్చున్నానని కనకం అనేది.

మక్ చిక్‌కి మాత్రం ఆ మొదటి మాట తెగ నచ్చేసింది. "లాబా! అది మా మాట కదా, మాలోనూ లాభాన్ని లాబా అనే అంటాం. మీకెలా వచ్చింది?" అనేది తన మలయ్‌లో. "మా మాటే, మీరెత్తుకుపోనారు" అనేవాడు తాత తన మలయ్‌లో. ఆవిడ కనకాన్ని లాబా అనే పిలిచేది, అదే అసలు పేరనుకుని. నన్నెవరూ ఏ భాషలోనూ అలా పిలవలేదు. మా రైళ్ళు అప్పటికే డీజిలువి, పాత ఇంజన్లలాగా నిప్పురవ్వలు ఎగజిమ్మేవి కావు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవాలంటే నాకు కనకమే దిక్కు.

ఒకసారి జనాభా లెక్కల మనిషి వచ్చాడు. చేతిలో అట్ట, చెవి మీద పెన్సిలు. ఈ ఇళ్ళని ఏ పేట కింద రాయాలో తెలీక చాలాసేపు గొడుగు తిప్పుకుంటూ నిలబడి, చివరికి అసలు మీరెంతమంది అని తాతని అడిగాడు. తాత లైను ఈ చివర నించి ఆ చివరికి చూసి, నా దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఇరవై రెండున్నర" అన్నాడు. ఆ మనిషి పెన్సిలు ఆపి, "హాఫా? అరమనిషా?" అన్నాడు. "మా అమ్మాయి కొడుకు. ఆల ఫ్లాటులో కూడా రాసీసుంటారు" అన్నాడు తాత. అందరూ నవ్వారు. మక్ చిక్ కూడా అర్థం చెప్పించుకుని, తీరిగ్గా నవ్వింది. ఆ సాయంత్రం నేను అద్దం ముందు నిలబడి, నాలో ఏ సగం ఇక్కడిదో చూసుకున్నాను. అప్పటి నించీ నాకు జీవితంలో ఒకటే కోరిక. ఒక్కసారి, ఒక్క రైలుకి, ఆ చెక్క మీద మొదట కూర్చోవాలి. లాభం అనిపించుకోవాలి.

ఆ రోజు నాకు ఎనిమిదేళ్ళు. డూరియన్లు పండే కాలం. ముళ్ళకాయ ఒకటి రాలితే ఆ కంపుని కొందరు దుర్గంధం అంటారు, మాకది దేవుడి పిలుపు. చెట్టు పట్టాలకి అవతల ఉండేది. పెద్దవాన. అందరం గోనె ముసుగుల్లో ఉన్నాం. తాత గదిలో ఫోను మోగడం నాకే ముందు వినపడింది, ఎందుకంటే నేను దానికోసమే కిటికీ కింద కాచుక్కూర్చున్నాను. పరుగెత్తి కనకం చెవిలో, "డూరియన్ రాలింది, ఎవరూ చూళ్ళేదు" అన్నాను. అది నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ముసుగు బిగించుకుని, పట్టాలు దాటి, వానలోకి మాయమైపోయింది. తర్వాత తాత కేక వేశాడు. నేను వెళ్ళి మొదటి చోట కూర్చుని, ముసుగు గడ్డం దాకా లాక్కుని, తల మోకాళ్ళలో దూర్చేశాను.

కర్ర నా తలని తాకింది. "లాభం."

దీనికోసం నాలుగేళ్ళు ఎదురుచూసిన నాకు, అది ఎలా అనిపించిందో చెప్పుకునేంత వ్యవధి కూడా దొరకలేదు. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. తర్వాత తట్టడానికి తల లేదు. "ఏడు? ఏడు ఏడీ?" అన్నాడు తాత. రైలు కూత వినపడుతోంది. "ఒరే సన్నాసీ! సన్నాసీ!" ఆ గొంతు నేనెప్పుడూ విననిది. పట్టాల వైపు, కాలువ వైపు, మళ్ళీ పట్టాల వైపు తిరుగుతూ నా పేరు పెట్టి అరుస్తోంది. నేనేమో ఆ చెక్క మీదే, మొదటి చోట, లాభంగా కూర్చుని ఉన్నాను. ముసుగులోంచే, తల ఎత్తకుండా, "ఇక్కడే ఉన్నాను తాతా" అన్నాను. అప్పుడు "కనకం ఏదీ?" అన్న కేక. తర్వాత ఇనుము ఇనుముని రాచుకునే కీచుమన్న శబ్దం. తలెత్తి చూసేసరికి తాత పట్టాల మధ్య నిలబడి ఎర్రజెండా ఊపుతున్నాడు, మైలు పొడుగు రైలు గేటుకి యాభై గజాల అవతల వణుకుతూ ఆగుతోంది. కిటికీ కిటికీకీ ఒక మొహం. అప్పుడు, ఆ ఇంజను ముందు నించి, గోనె ముసుగులో, రెండు చేతులతో ఒక పెద్ద డూరియన్‌ని పొట్టకి ఆనించుకుని, తొందరేమీ లేకుండా కనకం పట్టాలు దాటి ఇవతలికి వచ్చింది. అబద్ధానికి చెప్పిన కాయ నిజంగానే రాలింది.

తాత ఎవరినీ ఏమీ అడగలేదు. కనకం ఎవరికీ ఏమీ చెప్పలేదు. స్టేషనుకి పిలిపించి, బండి ఎందుకు ఆపావో రాసివ్వమంటే "ఒక తల తక్కువైంది" అని రాసిచ్చాడట. ఇంకోసారి ఇలా చేయొద్దని హెచ్చరించి వదిలేశారు. ఆ సాయంత్రం కాయ కోసి పంచేటప్పుడు కనకం అన్నిట్లోకీ పెద్ద తొన ఏరి నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఇప్పటికీ అది నా గొంతులోనే ఉంది. చాడీ చెప్పి ఉంటే రెండు దెబ్బలతో పోయేది. చెప్పకపోవడంలో కూడా అదే గెలిచింది. వీటన్నిటికన్నా నన్ను తొలిచింది ఇంకొకటి. తాత కనకం కోసం రైలు ఆపాడు. నిండు రైలు, మూడు వందల మంది, ఇంకో దేశానికి పోయే బండి. మర్నాడు నేను మళ్ళీ ఏడో చోట కూర్చుని, నాకోసమైతే ఆపుతాడా అని ఆలోచించాను. ఆ తర్వాత ఇన్నేళ్ళూ అదే ఆలోచించాను.

లైను ఎలా ఖాళీ అయిందో చెప్పడానికి ఎక్కువ లేదు. నేను ఫ్లాటుకి వెళ్ళిపోయాను, ఒక సగం తగ్గింది. తమిళుల కుటుంబం పడమటి వైపు ఫ్లాటుకి, మక్ చిక్ వాళ్ళు జొహోర్‌కి. అమ్మమ్మ పోయింది, ఆమె వెనకే తాత. కనకం పెళ్ళి చేసుకుని జురాంగ్‌కి. చివరికి మావయ్య ఒక్కడూ మిగిలి, ఆఖరి రైలు వెళ్ళాక పట్టాలు పీకేవాళ్ళని అడిగి మా బల్ల చెక్కలోంచి మూడడుగులు కోయించుకుని కూతురింటికి మోసుకెళ్ళాడు. కూతురింటికే. మేనల్లుడింటికి కాదు.

అదీ, ఆదివారం నేను మోసుకెళ్ళిన బరువు. తలుపు తీస్తూనే కనకం, "ఏట్రా సన్నాసీ, సెప్పాపెట్టకుండా ఇలాగొచ్చీసేవు? మకాన్ అయిందా?" అంది. తిండి సంగతి తర్వాత అన్నాను. నిలబడే, చెప్పులు కూడా విప్పకుండా, బోర్డు సంగతి, ఆరుగురి సంగతి, అరమనిషిని కూడా మిగలనివ్వని నీ గుణం సంగతి, జామకాయ దగ్గర మొదలెట్టి స్లీపరు దాకా అన్నీ కక్కేశాను. దాని మనవరాలు ఫోన్లోంచి తలెత్తి, "అమ్మమ్మా, అంకుల్ సో యాంగ్రీ లా!" అంది.

కనకం నన్ను తినేసేలా చూసి, ఫోను తీసి ఎవరికో కలిపి స్పీకరు పెట్టింది. అవతల నవ్య. వరంగల్ నించి వచ్చి ఇక్కడ యూనివర్సిటీలో చదువుకుంటూ, ఆ బోర్డు కోసం కనకం మాటలు రికార్డు చేసిన అమ్మాయి.

"నవ్యా, పిల్లలు ఎంతమందని సెప్పేనే నీకు?"

"ఆరుగురు కద ఆంటీ. మీరు తాతగారి లెక్క పెట్టి చూపెట్టిండ్రు కద. ఫస్ట్ మీరు 'లాభం' అన్నరు. ఏం లాభం అని బాధపడుతున్నరు అనుకున్న, పాపం పాత రోజులు యాదికొచ్చినయని. తర్వాత రెండు నుంచి షురూ చేసిండ్రు. ఒకటి అంటే తాతగారే అయ్యుంటడు అనుకున్న, ఆయనను పెద్దోళ్లల్ల ఆల్రెడీ రాసిన. రెండు నుంచి ఏడు దాకా అంటే ఆరుగురే కద!"

మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. కనకం ముందు నవ్వింది, ఫోను చేతిలోంచి జారేంతగా. వడ్లు కొలవడం ఎప్పుడూ చూడని పిల్ల, సంచుల్లో బియ్యం కొనుక్కున్న తరం, దానికేం తెలుసు? అది ఒక నిట్టూర్పుని తీసేసింది, అంతే. అంటే లెక్కలో ఏడు ఉన్నాడు. లేనిది లాభం. బోర్డు మీద తన ఫోటో పెట్టించుకుని, జనాభాలోంచి తప్పిపోయింది కనకం. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకు చాలా హాయిగా అనిపించింది. పేరుకి తగ్గ మనిషిని కాదని నాకెప్పుడో తెలుసు.

"ఉండనీరా," అంది కనకం కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కసారైనా నువ్వుండి నాను నేకుండా ఉండనీ. ఆ రోజు ఎలాగూ అంతే కదా."

ఏ రోజు అన్నాను.

"రైలాగిన రోజు. నాను అవతల సెట్టు కింద నిలబడి అంతా సూస్తన్నాను. రైలు కూత ఇని అక్కడే ఆగిపోనాను. తాత 'ఏడు ఏడీ' అన్నాడు. అన్నోడు అన్నట్టే పచ్చజెండా పారీసి ఎర్రజెండా తీసుకుని పట్టాల మీదకి దూకీసినాడు. నీ పేరే పిలుస్తన్నాడు. నా పేరు తరవాతెప్పుడో పిల్సినాడు, జెండా ఎత్తీసాక. రైలాపింది నీ కోసంరా సన్నాసీ. నువ్వు తల మోకాళ్ళలో దూర్సుకున్నావు, నీకెలా కనబడతాది?" గొంతు కొంచెం తగ్గించి అంది. "ఎన్నేళ్ళు ఏడిసేనో తెలుసా? నాను ఆ లైనులో పుట్టిన గుంటని. నా కోసం ఏనాడూ రైలాపలేదు మా తాత."

ముప్పావు జీవితం నేను కుళ్ళుకున్న ఇంట్లో, అంతకాలమూ నన్ను చూసి కుళ్ళుకున్న మనిషి, నాకు తెలియకుండానే, ఎదురుగా కూర్చుని ఉంది. ఫోను లైనులోనే ఉండి నవ్య, "అంకుల్, మరి బోర్డు మార్పించాల్నా? ఎంత రాయమంటరు?" అని అడుగుతోంది. ఇరవై మూడు అని రాయమన్నాను. సున్నాలూ సగాలూ లేకుండా, నిండుగా ఇరవై మూడు. సింగపూరులో బోర్డు మీద నేనే గీస్తే ఒంటి మీద బెత్తం గీతలు పడతాయి కాబట్టి, దాన్ని తొందరగా మార్పించమని బతిమాలాను.

వెళ్తూ వెళ్తూ నడవాలో చెప్పులు వేసుకోబోయాను. వేసుకునే ఉన్నాను. కనకం స్లీపరు మీది జతలన్నీ కాలితో పక్కకి నెట్టి, "కూకో" అంది. మూడడుగుల చెక్క. ఒకప్పుడు ఏడుగురు పట్టిన బల్లలోంచి కోసిన ఈ ముక్క మీద ఇప్పుడు ఇద్దరు ముసలివాళ్ళం ఇరుక్కుని పట్టాం, తారు మా ఇద్దరి బట్టలకీ సమానంగా అంటుకుంది. ఎదురుగా, బ్లాకుల సందులోంచి, ఎత్తైన స్తంభాల మీద ఎంఆర్‌టీ రైలు వస్తోంది. దానికి గేటు లేదు, గేటు దించే మనిషి లేడు, జెండా విప్పమని ఫోను మోగదు, ఎవరు చెక్క మీద కూర్చున్నా కూర్చోకపోయినా అది తన నిమిషానికి తాను వెళ్ళిపోతుంది. యూసుఫ్ ఎక్కడున్నాడో తెలీదు. సల్మా పోయిందని విన్నాం. అన్నదమ్ములు ముగ్గురిలో పెద్దవాడు పండక్కి మెసేజి పెడతాడు. డూరియన్ చెట్టు చోట సైకిళ్ళు ఆపుకునే ఇనుప కమ్ములున్నాయి. వేపచెట్టుంది గానీ, దాని పువ్వు ఏరేవాళ్ళు లేరు.

కనకం గోడవార ఉన్న గొడుగు అందుకుంది. చుట్టిన గొడుగు. నా తల మీద చిన్నగా తట్టింది.

"లాభం."

తర్వాత తన తల మీద తట్టుకుని, "రెండు" అంది. గొడుగు గాలిలో ఇంకా కొంచెంసేపు ఉంది, మూడో తల కోసం అన్నట్టు. రైలు వెళ్ళిపోయింది. లాభం అనిపించుకోవడానికి ఇన్నేళ్ళు పట్టిందే అని నవ్వబోయాను గానీ, నాకు వచ్చింది మాత్రం ఏడే.